బావ తీసేసిన పాత్ర

మా బావకి కథలు రావు. లైన్లు వస్తాయి.

ఈ రెండింటికీ తేడా ఏంటంటారా? సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళ భాషలో లైన్ అంటే సినిమా మొత్తాన్ని రెండు నిమిషాల్లో చెప్పేయడం. ఎవరున్నారు, వాళ్ళకేం కావాలి, ఏం అడ్డొచ్చింది, చివరికి ఏమైంది, అంతే. పాటలూ ఫైట్లూ తర్వాత ఎవరో ఒకరు పెట్టుకుంటారు. మా బావ అలాంటివి వందలు చెప్పి ఉంటాడు. అన్నీ మొగుడూ పెళ్ళాలవీ, అత్తాకోడళ్ళవీ, అన్నదమ్ములవీ. వాటిలో ఒకటో రెండో తెర మీదకి వెళ్ళాయట, ఈయన పేరు మాత్రం వెయ్యలేదట. నేను చూడలేదు. చూసినవాళ్ళు కూడా ఇంతవరకు నాకు తగల్లేదు.

బతుకుతెరువు మాత్రం సోఫాల షోరూంలో సేల్స్‌మన్ పని. మా అక్క అదే షోరూంలో క్యాష్ కౌంటర్లో కూర్చుంటుంది. పరిచయం అక్కడే, పెళ్ళిదాకా వెళ్ళింది కూడా అక్కడినుంచే. "మొగుడూ పెళ్ళాల సంగతి తెలుసుకోవాలంటే వాళ్ళింటికి వెళ్ళక్కర్లేదు మరదలా, సోఫా కొనేటప్పుడు చూస్తే చాలు," అంటాడు బావ. ఆయన మెత్తగా ఉందంటాడట, ఆవిడ నడుం పట్టేస్తుందంటుందట, ఇంతలో ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో జరిగిన అవమానం బయటికొస్తుందట. బావ చేతులు కట్టుకుని వింటాడు. సాయంత్రానికి లైన్ తయారు. అందుకే సినిమా ఆఫీసుల్లో ఆయన్ని 'సోఫా రైటర్' అంటారు.

అక్క కూడా లైన్లు అల్లుతుంది. నవ్వొచ్చేవి అక్కవి, ఏడుపొచ్చేవి బావవి. ఒక పెద్దాయన రోజూ వచ్చి ఒకే సోఫాలో ఒక పక్కగా కూర్చుని వెళ్ళిపోతుంటే బావకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ ఖాళీ సీటు పోయిన భార్యది. ఇద్దరూ కలిసి కొనుక్కుందామనుకున్న సోఫా. ఒకరోజు దాన్ని ఎవరో కొని పట్టుకుపోతారు," అని లైన్ అల్లేశాడు. అక్క కౌంటర్లోంచి తల ఎత్తకుండానే, "ఆయన పెళ్ళాం ఎదురుగా బట్టల షాపులో పనిచేస్తుంది. మన దగ్గర ఏసీ ఉంది, అక్కడ లేదు," అంది. చివరికి ఇద్దరూ కలిసి దాన్ని చల్లగాలి కోసం పెళ్ళాం పోయినట్టు నటించేవాడి కథ చేశారు. ఇంటర్వెల్లో పెళ్ళాం సోఫా బేరం చెయ్యడానికి లోపలికొస్తుంది. ఇంకొకటి, విడాకులు తీసుకున్న ఇద్దరికి ఒకే సోఫా నచ్చుతుంది, స్టాకులో ఉన్నది ఒక్కటే. చివరికి దాన్ని వాళ్ళ గొడవ భరించలేక సేల్స్‌మనే కొనుక్కుంటాడు. అది అక్కది.

నా సంగతి చెప్పుకోవాలంటే, నాకో డ్రైవింగ్ స్కూలుంది. ఒకే కారు, ఒకే టీచరు, రెండూ పాతబడ్డవే. నా నోరు మంచిది కాదని పేరు. రోజంతా పక్క సీట్లో కూర్చుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నన్ను చంపబోతుంటారు, నోరు మంచిగా ఎలా ఉంటుందో మీరే చెప్పండి. ఆ పక్క సీట్లో కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు బిగించి ఉంటుంది. దాని పుణ్యమా అని ఇంకా బతికున్నాను. ఒకరితో ఒకరికి మాటల్లేని ఒక అత్తా కోడలూ నా దగ్గర ఒకే క్లాసులో చేరితే ఆ కబురు బావకి మోసింది నేనే. "కోడలు నడుపుతుంటే అత్త వెనక సీట్లో. ఇద్దరి మధ్యా హారన్ ఒక్కటే మాట్లాడుతుంది," అని ఆయన దాన్నీ లైన్ చేసేశాడు.

వాళ్ళింట్లో ఒక వింత అలవాటుంది. మొహం మీద చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నదేదైనా సరే, లైన్ చేసి చెప్పుకుంటారు. టీలో చక్కెర చాలలేదనుకోండి, బావ ఆ ముక్క అనడు. "ఒక లైన్ తట్టింది. ఒకాయన ఉంటాడు. పెళ్ళాం ఆయన ఆరోగ్యం కోసమని రోజుకో చిటికెడు చక్కెర తగ్గిస్తూ వస్తుంది..." అని ఎత్తుకుంటాడు. అక్క, "ఆయన లేచి వంటింట్లోకెళ్ళి తనే వేసుకుంటాడు. శుభం," అంటుంది. నేను, నువ్వు, మనం అన్న మాటలు వాళ్ళ మధ్య తక్కువ. ఒకాయనట, ఒకావిడట, ఆయన ఇలా అన్నాడట, ఆవిడ అలా అందట. ఇంటికొచ్చినవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించే మనుషులతో నేను వేగలేను.

ఈ అలవాటు మొదట్నుంచీ లేదు. పెళ్ళైన కొత్తలో వాళ్ళూ అందరిలాగే కొట్టుకున్నారు, అందరిలాగే కలిసిపోయారు. తర్వాత అక్కకి ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇద్దరూ నోరు విప్పడం మానేశారు. నేను వెళ్ళి వండిపెట్టి వచ్చేదాన్ని. పలకరిస్తే ఊ, ఆ. ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. ఒకరోజు బావ అన్నం కలుపుతూ, "ఒక లైన్ తట్టింది. ఒక మొగుడూ పెళ్ళాం ఉంటారు, వాళ్ళకి మాటలు రావు," అన్నాడు. అక్క చాలాసేపటికి, "మూగవాళ్ళా?" అంది. "కాదు. వచ్చు, కానీ రావు," అన్నాడు. ఆ పూటనుంచి మాట్లాడుకోవడం మొదలెట్టారు, ఆ దారిలోనే. పోయిన బిడ్డ సంగతి మాత్రం ఏ లైన్‌లోనూ రాలేదు. తర్వాత పిల్లలు కలగలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, చుట్టాలు కూడా అడిగి అడిగి అలిసిపోయారు.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "కళ్ళు మంటగా ఉన్నాయే. పెద్దాసుపత్రి దగ్గర దింపు," అంది. సరే, మొదటి క్లాసు మాన్పించి వెళ్ళాను. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, తను ఊ కొడుతూనే ఉంది. ఆసుపత్రి రాగానే ముందు గేటు దగ్గర ఆపబోతే, "ఇక్కడ వద్దు, పక్క గేటు దగ్గర ఆపు," అంది. తోడు రానా అంటే, "కళ్ళకి తోడెందుకే. నువ్వెళ్ళి ఆయన్ని తీసుకెళ్ళు, ఇవాళ ఆయనకి కథ ఉంది. నాకు షోరూంలో స్టాకు చూసే పనుందని చెప్పాను, నువ్వు కూడా అదే చెప్పు," అంది. దిగి, తలుపు మెల్లిగా వేసింది. మామూలుగా మా అక్క కారు తలుపు ఊడొచ్చేలా వేస్తుంది. నేను గేరు మార్చుకుని వచ్చేశాను.

కథ ఉంది అంటే వినిపించడం ఉందని అర్థం. ఈసారి దొరికినవాడు చిన్నాచితకా కాదు, పెద్ద నిర్మాత. బావ ఎన్నేళ్ళుగానో ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కూర్చుని సంపాదించుకున్న పిలుపు. ఎప్పుడూ అక్క పక్కన కూర్చునేది, నవ్వాల్సిన చోట ముందుగా నవ్వి ఊతమిచ్చేది. అక్క రాకపోయేసరికి ఆ పని నా నెత్తిన పడింది. "నువ్వేం మాట్లాడకు. నవ్వొస్తే నవ్వు, లేకపోతే నోరు మూసుకుని కూర్చో," అని కారులో పదిసార్లు చెప్పాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పై అంతస్తులో గది. పొడుగాటి బల్ల, ఒక చివర నిర్మాత, ఇంకో చివర మేము. తలుపు దగ్గర ఒక బుట్టలో అందరి ఫోన్లూ పెట్టించారు. ఆ గదికి ఒక నియమం ఉందని బావ ముందే చెప్పాడు. కథ మొదలెట్టాక అయిపోయేదాకా ఎవరూ లేవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. లేచినవాడు మళ్ళీ ఆ గది గడప తొక్కడు. నిర్మాత కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. ఆయన నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట ఒక్కటే, "తర్వాత?"

"ఇది మా ఆవిడ లైన్ సార్," అని మొదలెట్టాడు బావ. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళకే ఇస్తాడు. "తను కామెడీగా చెప్పింది, నేను డ్రామాకి మార్చాను. ఒకావిడ సార్, సంగీతం టీచరు. నలభై దాటాయి. మొగుడు బ్యాంకులో పనిచేస్తాడు. పిల్లల్లేరు, ఇక రారని ఊరంతా తేల్చేసింది. అలాంటి ఆవిడకి ఒకరోజు నెల తప్పుతుంది."

నిర్మాత కళ్ళు తెరిచాడు. "ఇందులో కామెడీ ఏముంది?"

"మా ఆవిడ చెప్పింది ఏంటంటే సార్, ఆ సంగతి మొగుడికి చెప్పాలని చూస్తుంది, చెప్పబోయినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం. ఒకసారి పక్కింటివాళ్ళు, ఒకసారి కరెంటు పోతుంది, మిగతా అన్నిసార్లూ మొగుడే తన గోల ఎత్తుకుంటాడు. అలా అలా ఎనిమిదో నెల వచ్చేస్తుంది. వాడేమో, లావెక్కావు, పొద్దున్నే నడవడం మొదలెట్టు అంటాడు."

నేను పకపకా నవ్వాను. నిర్మాత కూడా నవ్వాడు. "బాగానే ఉంది కదయ్యా. మార్చడం దేనికి?"

"నవ్వుతారు సార్, ఇంటికెళ్ళి మర్చిపోతారు. బిడ్డ పుట్టేస్తే ఇంకేముంది, కథ అయిపోయింది. అందుకని ఆ బిడ్డని తీసేశాను," అన్నాడు బావ. అనవసరమైన పాటని తీసేశానన్నంత తేలిగ్గా అన్నాడు.

"తర్వాత?"

"ఆవిడ మొగుడికి చెప్పదు సార్. ఈ వయసులో ఆయనకి ఇష్టముండదేమోనని అనుమానం. ఊరికే మాటవరసకి అన్నట్టు అడిగి చూస్తుంది, వాడికి అర్థం కాదు. తనే నిర్ణయం తీసుకుంటుంది, ఎవరికీ తెలియకుండా. ఇక్కడొక సీన్ ఉంది సార్, ప్రాణం పెట్టి చేశాను. ఆవిడకి ఒక చెల్లెలు ఉంటుంది, వాగుడుకాయ. పొద్దున్నే దానికి ఫోన్ చేసి, కళ్ళు మంటగా ఉన్నాయే, ఆసుపత్రి దగ్గర దింపు అంటుంది."

వాగుడుకాయ అన్నందుకు ముందు కోపమొచ్చింది. ఆ కోపం సగంలో ఉండగానే మిగతా మాట చెవికెక్కింది. కళ్ళు మంటగా ఉన్నాయే. పొద్దున్న నా ఫోన్‌లో విన్న మాటలు అవే, అదే వరసలో. 

"తర్వాత?" అన్నది ఈసారి నిర్మాత కాదు, నేను.

బావ నన్ను వింతగా చూసి కొనసాగించాడు. "ముందు గేటు దగ్గర ఆపనివ్వదు సార్. కళ్ళ డాక్టర్లుండేది ముందు గేటు వైపు. ఆడవాళ్ళ వార్డు పక్క గేటు వైపు. ఆ చెల్లెలికి అది తట్టదు. తన వాగుడు తనదే తప్ప పక్కమనిషి మొహం చూసే రకం కాదు. దింపేసి వెళ్ళిపోతుంది."

లేచి అరుద్దామనుకున్నాను.  కానీ ఆ తర్వాత ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలియాలి. మా అక్క ఈయన చెప్పినదాన్ని మెట్టు మెట్టుగా తొక్కుకుంటూ పోతోంది. తర్వాతి మెట్టేదో ఈయన నోట్లోనే ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ కూర్చున్నాను.

"ఫోన్ ఆపేస్తుంది. లోపలికెళ్ళి బెంచీ మీద కూర్చుంటుంది. పేరు పిలుస్తారు. లేస్తుంది, తలుపు తీస్తుంది, తలుపు మూసుకుంటుంది. కట్. ఇంటర్వెల్ సార్. సెకండాఫ్‌లో మొగుడికి తెలుస్తుంది."

నిర్మాత బల్ల మీదకి వంగాడు. "అబ్బ," అన్నాడు. "ఇది నాదేనయ్యా. ఇంకెవరికీ చెప్పకు. తర్వాత?"

"బావా," అన్నాను. "అక్క ఈ లైన్ నీకెప్పుడు చెప్పింది?"

 నిర్మాత తల తిప్పి నా వైపు చూశాడు. బావ బల్ల కింద నా కాలు తొక్కాడు.

"తొక్కితే తొక్కావు గాని, చెప్పు. ఎప్పుడు?"

"మొన్న. కూరగాయలు తరుగుతూ చెప్పింది. ఇప్పుడెందుకు మరదలా..."

"నువ్వు బిడ్డని తీసేస్తే అక్క ఏమంది?"

"ఏమంటుంది. మార్చిందంతా సీన్లతో సహా వినిపించాను. 'బిడ్డ లేకపోతేనే బాగుందా మీకు?' అంది. లేకపోతేనే బలం అన్నాను. 'అలాగే,' అంది." చెబుతూ చెబుతూ ఆయన గొంతు కొంచెం నెమ్మదించింది. 

"అక్క షోరూంలో లేదు బావా. పొద్దున్న నేనే దింపాను, పెద్దాసుపత్రి దగ్గర. కళ్ళు మంటగా ఉన్నాయంది. పక్క గేటు దగ్గర ఆపమంది."

బావకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.  లేచి నిలబడ్డాడు. "నేను వెళ్ళాలి సార్," అన్నాడు.

"మధ్యలో లేస్తే మళ్ళీ ఇక్కడికి రావు. తెలుసుగా," అన్నాడు నిర్మాత.

"తెలుసు సార్," అన్నాడు బావ. అప్పటికే తలుపు దగ్గర బుట్టలోంచి ఫోన్ తీసుకుంటున్నాడు.

మెట్లు దిగుతూనే ఫోన్ చేశాడు. ఆపేసి ఉంది. మళ్ళీ చేశాడు. "లైన్లో కూడా ఆపేస్తుంది," అన్నాడు నాతో. "నువ్వు పెట్టిందేగా," అన్నాను. నా నోరు అంతే, ఆగదు.

కారెక్కాం. ముందూ వెనకా నేర్చుకునేవాళ్ళ కారని బోర్డులున్న బండి, ఎవడూ దారివ్వడు. పైగా రోడ్డు నిండా జనం. గట్టిగా పోనిద్దామంటే కారు ముక్కుతూ ఆగిపోతోంది. ఒకసారి, రెండుసార్లు. ఇంజనుకేదో వచ్చిందనుకుని కిందికి చూస్తే, మా బావ కాలు. పక్క సీట్లో నేను తొక్కే బ్రేకు ఉందని చెప్పాను కదా, భయంతో ఆయన దాన్ని బిగబట్టి తొక్కుతున్నాడు, తనకే తెలియకుండా.

"కాలు తియ్యి బావా."

"ఆ?"

"అది బ్రేకు. నేను పోనిస్తుంటే నువ్వు ఆపుతున్నావు. కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో."

పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. వేరే రోజైతే నెల రోజులు చెప్పుకుని నవ్వేదాన్ని. అప్పుడు నవ్వు రాలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఒకాయన ఉంటాడు మరదలా, వాడికి..." అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఒకాయనా లేడు, ఒకావిడా లేదు. మా అక్క ఉంది అక్కడ. నీకు ఆ బిడ్డ కావాలా వద్దా, అదొక్కటి చెప్పు," అన్నాను. ఆయన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని రోడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. చెప్పు బావా, చెప్పు, అని నేను లోపల ఏడుస్తూనే హారన్ కొట్టాను.

పక్క గేటు దగ్గర కారు ఎలా వదిలేశానో నాకే తెలియదు. పొడుగాటి వరండా, గోడ పొడుగునా బెంచీలు, వాటి నిండా ఆడవాళ్ళు. చివరి బెంచీలో, తలుపుకి దగ్గరగా మా అక్క. చేతుల్లో చీటీ పట్టుకుని కూర్చుంది.  లోపలికెళ్ళి వచ్చిందో, ఇంకా వెళ్ళలేదో మొహం చూస్తే తెలియలేదు.

బావ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. అక్క తలెత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"మీకు సెకండాఫ్‌లో కదా తెలియాలి," అంది. "ముందే వచ్చేశారే."

"వెళ్ళావా లోపలికి?" అన్నాడు బావ.

"రెండుసార్లు పిలిచారు. వెనక ఉన్నవాళ్ళని వెళ్ళమన్నాను." అక్క గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "ఉంచుకుంటావా, వద్దా, ఇవాళ చెప్పమంది డాక్టరమ్మ. ఈ వయసులో కష్టమంది, ఒకసారి పోయింది కాబట్టి ఇంకా కష్టమంది. మీరేమో బెంచీ మీద కూర్చుంటుంది, పేరు పిలుస్తారు, తలుపు మూసుకుంటుంది, కట్ అన్నారు. ఆ కట్‌కి ముందు ఇక్కడ ఎంతసేపు కూర్చోవాలో మీరు చెప్పలేదు."

"అది లైన్ కదే. కథ అనుకున్నాను."

"మనం ఇంకెలా మాట్లాడుకున్నాం ఇన్నాళ్ళూ?" అంది అక్క. "నాకు చెప్పడం చాతకాక అలా చెప్పాను. నవ్వొచ్చేలా చెప్పాను. మీరు నవ్వి, అయితే మనకే అయినట్టుందే, అంటారనుకున్నాను. మీరు బిడ్డని తీసేశారు. లేకపోతేనే బాగుందా అని అడిగాను కూడా."

పక్క బెంచీల్లో వాళ్ళు వింటున్నారు. వింటే విననీ అనుకున్నాను. బావ మెల్లిగా అక్క పక్కన కూర్చున్నాడు.  ఆయన "ఒకాయన" అని మొదలెడితే అక్కడే రెండు తగిలించేదాన్ని, అంత కోపంగా ఉన్నాను.

"అప్పుడు," అన్నాడు. ఆగాడు. "అప్పుడు నువ్వు లోపల ఉన్నావు. వాళ్ళు బయటికొచ్చి నాతో చెప్పారు, ఆడపిల్ల అని. పోయిందని చెబుతూ ఆడపిల్ల అని కూడా చెప్పారు. నేను మెట్ల కిందికెళ్ళి కూర్చుని ఏడ్చాను. నీకు చెప్పలేదు. ఆడపిల్లని నీకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

అక్క ఆయన వైపు తిరిగింది. ఆ సంగతి నాకూ తెలియదు.

"నేను చెప్పే వాటిల్లో పిల్లలుండరు, గమనించావా?" అన్నాడు బావ. "పెట్టలేను. పెడితే ఏదో అవుతుందని భయం. నువ్వు నెల తప్పింది అనగానే నాకు చెమటలు పట్టాయి, కథే అయినా సరే. అందుకే ముందే తీసేశాను. బలం కోసమని నీకు అబద్ధం చెప్పాను. భయమేసి తీసేశాను."

అక్క ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, చీటీ నలుపుతూ. "నాకు భయం లేదా?" అంది.

అప్పుడే బావ చేతిలో ఫోన్ మోగింది. దారి పొడుగునా అక్కకి చేసీ చేసీ ఆ ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. అలవాటు ప్రాణాల మీదకి తెస్తుందంటారు చూడండి, మోగగానే చెవి దగ్గర పెట్టుకున్నాడు. నిర్మాత. ఆయన గొంతు నాదాకా వినిపిస్తోంది.

"ఏమయ్యా, అలా సగంలో లేచిపోతే ఎలాగయ్యా? నాకిక్కడ ముద్ద దిగట్లేదు. ఆవిడ తీయించుకుందా, ఉంచుకుందా? అది చెప్పి పెట్టెయ్."

బావ అక్క వైపు చూశాడు. "నాకు తెలియదు సార్," అన్నాడు. "ఆవిడ చెప్పాలి."

"ఏ ఆవిడ?"

 ఫోన్ చెవి దగ్గరే ఉంది. తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చి అక్క పేరు పిలిచింది, మూడోసారి. అక్క లేవలేదు. బావ మొహంలోకి చూస్తూ కూర్చుంది.  కావాలని చెప్పడానికైనా, వద్దని చెప్పడానికైనా అక్క నోటికి హక్కుంది, ఏం చెప్పినా నేను తనవైపే. కానీ నా మనసు ఒకటే కోరుకుంది.

"ఉంచుకుందాం," అంది అక్క.

 "ఉంచుకుంటారట సార్," అన్నాడు బావ ఫోన్‌లో.

"ఆ 'ట' ఏంటి?" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరో ఉంచుకుంటున్నట్టు."

బావ నోరు తెరిచాడు, మూశాడు. లైన్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి ఒక్క మాట మార్చడానికి చెమటలు పట్టాయి. నర్సు విసుక్కుంటూ తలుపు పట్టుకుని నిలబడింది. అటు నిర్మాత హలో, హలో అంటున్నాడు.

"ఉంచుకుంటున్నాం సార్," అన్నాడు బావ.  "మేమే. నేనూ మా ఆవిడా."

ఫోన్ జేబులో పెట్టేసి అక్క చెయ్యి పట్టుకుని లేచాడు. లోపలికి ఒక్కరే అంది నర్సు. "ఆయన కూడా వస్తారు," అంది అక్క. నర్సు ఇద్దరి మొహాలూ చూసి పక్కకి తప్పుకుంది.